జోకు బెడిసికొడితే కంపెనీ ఏం చెయ్యాలి?

అమూల్ వెన్న వాళ్ళు 1966 నుంచి హోర్డింగుల మీద జోకులు వేస్తూనే ఉన్నారు. మంత్రుల్నీ, క్రికెటర్లనీ, సినిమా తారల్నీ ఎవర్నీ వదల్లేదు. 2009లో మన హైదరాబాదు సత్యం కుంభకోణం మీద కూడా ఒకటి వేశారు. దానికి ఆ కంపెనీ వైపు నుంచి, మా ఉద్యోగులంతా మీ వెన్న తినడం మానేస్తారని బెదిరింపు వచ్చిందని ఆ ప్రకటనలు తయారు చేసేవాళ్ళే తరవాత నవ్వుతూ చెప్పుకున్నారు. ఇలాంటి గొడవల వల్ల అమూల్‌కి పోయిందేమీ లేదు. జోకు తమకంటే బలమైన వాళ్ళ మీద కాబట్టి జనం అమూల్ పక్షానే నిలబడ్డారు.

ఈ వ్యాసం దానికి పూర్తిగా ఎదురు రకం జోకు గురించి. ఒక జాతినో, రంగునో, పేదరికాన్నో వెక్కిరించినట్టు జనానికి తోచిన జోకు, అదీ ఒక సంస్థ పేరు మీద అంతర్జాలంలోకి వచ్చినప్పుడు, ఆ సంస్థ మొదటి రోజు ఏం చెయ్యాలి, నెల తిరిగాక ఏం చెయ్యాలి అన్నది విషయం. మనవాళ్ళలో చాలామంది ఇవాళ ఈ నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లో ఉన్నారు. ఆ నిర్ణయాల వల్ల ఉద్యోగం ఊడే కుర్చీల్లో ఇంకా ఎక్కువమంది ఉన్నారు. రెండు రకాల వాళ్ళకీ పనికొస్తుందని సింగపూర్ ఉదాహరణతో మొదలుపెడుతున్నాను.

ఈ-పే ప్రకటన, 2019

నేనుండే బూన్ లే సింగపూర్‌కి పడమటి కొసన ఉంటుంది. ఇక్కడి బూన్ లే ప్లేస్ మార్కెట్‌లో నాసి లెమాక్ కోసం అర్ధరాత్రి కూడా క్యూ ఉంటుంది. ఇలాంటి హాకర్ సెంటర్లలో చాలాకాలం చిల్లర నోట్లదే రాజ్యం. ఫోనుతో డబ్బు కట్టే పద్ధతులు వచ్చిన కొత్తలో ఒక్కో కొట్టు ముందు నాలుగైదు రకాల స్టిక్కర్లు అంటించి ఉండేవి, ఏది స్కాన్ చెయ్యాలో తెలిసేది కాదు. వాటన్నిటినీ ఒక్క తాటి మీదకు తెచ్చే బాధ్యతని 2018లో ప్రభుత్వ సంస్థలు నెట్స్ అనే చెల్లింపుల కంపెనీకి అప్పగించాయి. మంచి పనే. దాని ప్రచారమే ఈ-పే.

2019 జులై చివర్లో వచ్చిన ఆ ప్రకటనలో డెనిస్ చ్యూ అనే ప్రముఖ చైనీస్ నటుడు ఒక్కడే నలుగురు మనుషులుగా కనిపిస్తాడు. అందులో ఒకరు తలకు ముసుగు కట్టుకున్న మలాయ్ మహిళ. ఇంకొకరు కె. ముత్తుసామి అని పేరు బిళ్ళ పెట్టుకున్న భారతీయుడు. ఆ భారతీయుడి కోసం నటుడి ఒంటిరంగు ముదురు చేశారు. అందరూ ఈ-పే వాడొచ్చు అన్నది ప్రకటన సారాంశం. అందరూ వాడొచ్చని చెప్పడానికి ఆ అందరిలోంచి తలొకర్ని తీసుకోవచ్చు కదా అన్నది జనం అడిగిన ప్రశ్న. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి స్థిరనివాసుల్లో చైనీయులు 74 శాతం పైన, మలాయ్‌లు 13.5 శాతం, భారతీయులు 9 శాతం. మూడువంతులున్న వాళ్ళలో ఒకరికి మిగతావాళ్ళ వేషం వేస్తే చిన్న సంఖ్యలో ఉన్నవాళ్ళకి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇది మొదటిసారి కూడా కాదు. 2016లో మీడియాకార్ప్ వారి టాగుల్‌లో వచ్చిన ఒక ధారావాహికలో నటుడి మొహానికి నల్లరంగు పూసిన సన్నివేశం మీద గొడవై, క్షమాపణ చెప్పి ఆ భాగాన్ని తీసేశారు. మూడేళ్ళ తరవాత ఈ-పే ప్రకటన నటుణ్ణి ఇచ్చింది కూడా అదే మీడియాకార్ప్‌కి చెందిన సెలెబ్రిటీ ఏజెన్సీ. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒకసారి మూసేసిన బగ్ మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చిందంటే మొదటిసారి దానికి టెస్ట్ రాసిపెట్టలేదనే అర్థం.

ప్రకటన తయారు చేసిన హావాస్ వరల్డ్‌వైడ్, సెలెబ్రిటీ ఏజెన్సీ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. అందులో ఎక్కువ భాగం ప్రచారం ఉద్దేశం ఏమిటో, డెనిస్ చ్యూ ఎన్ని పాత్రలైనా సరదాగా ఎలా పోషించగలడో చెప్పడానికే సరిపోయింది. అనుకోకుండా ఏదైనా బాధ కలిగివుంటే అందుకు చింతిస్తున్నాం అనే అర్థం వచ్చే వాక్యం ఒక్కటే క్షమాపణ. దాని తరవాత మళ్ళీ ఈ-పే వల్ల వినియోగదారులకి కలిగే సౌకర్యం గురించి ఒక మాట! ఇంట్లో మనిషి పోతే పరామర్శకి వచ్చి, పనిలో పని ఇన్సూరెన్స్ పాలసీ గురించి చెప్పి వెళ్ళినట్టుంది.

జులై 29న ప్రీతి నాయర్, సుభాష్ నాయర్ అనే తోబుట్టువులు ఆ ప్రకటనని ఎండగడుతూ ఒక ర్యాప్ వీడియో పెట్టారు. అందులో చైనీయుల్ని బూతుమాటలతో తిట్టారు. పోలీసు ఫిర్యాదు వెళ్ళింది, వీడియో తీసెయ్యమని ప్రభుత్వం ఆదేశించింది, హోం మంత్రి షణ్ముగం అది హద్దు దాటిందన్నారు. అక్కడి నుంచి దేశమంతా ర్యాప్ వీడియో గురించే మాట్లాడింది. అసలు ప్రకటన వెనక్కి పోయింది.

ఆగస్టు మొదట్లో ఆ తోబుట్టువులు క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణని దాదాపు హావాస్ వాళ్ళ ప్రకటన వాక్యాలతోనే, పేర్లు మార్చి రాశారు. హోం మంత్రిత్వ శాఖ అది ఉత్తుత్తి క్షమాపణ అని తోసిపుచ్చింది. మర్నాడు వాళ్ళు ఇంకోసారి, ఈసారి నిజంగా, క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 7న డెనిస్ చ్యూ తన సొంత మాటల్లో క్షమాపణ రాశాడు. ఆగస్టు 14న పోలీసులు ఆ తోబుట్టువులకి 24 నెలల షరతులతో కూడిన హెచ్చరిక ఇచ్చారు. ప్రకటన విషయంలో మాత్రం నేరమేమీ లేదనీ, అంతర్జాల నియమావళిని ఉల్లంఘించలేదనీ అధికారులు తేల్చారు.

ర్యాప్ వీడియోని నేను సమర్థించను. ఒక జాతి మొత్తాన్ని తిట్టి ఇంకో జాతికి న్యాయం అడగడం కుదిరే పని కాదు. కానీ ఆ ఎగతాళి క్షమాపణ ఒక సంగతి బయటపెట్టింది. అవే వాక్యాలు ఇద్దరు కుర్రాళ్ళు చెబితే వెక్కిరింతలా వినపడ్డాయి. అలాంటప్పుడు కంపెనీ నోట అవి అంతకంటే బాగా ఎందుకు వినపడాలి? కార్పొరేట్ క్షమాపణలు రాసేవాళ్ళందరూ ఈ రెండు ప్రకటనల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా సలహా.

మనవాళ్ళ సంగతి కూడా ఒక మాట. ముత్తుసామి తమిళ పేరు కదా, మనకేం అన్న తెలుగువాళ్ళని అప్పుడు నేను చూశాను. చైనీస్ సహోద్యోగికి తమిళుడికీ తెలుగువాడికీ తేడా తెలియదన్న సంగతి పక్కన పెట్టినా, నలుపు మీద జోకులకి మన తెలుగు సినిమాల్లో ఎప్పుడూ కొదవ లేదు. అవి చూసి పడీపడీ నవ్విన మనకి అవతలివాడు అదే పని చేస్తే చురుక్కుమంది.

జరిగిందా, చేశామా

క్షమాపణ వాక్యంలో వ్యాకరణం ముఖ్యం. ఇది తెలుగులో చెబితేనే బాగా తెలుస్తుంది. మన భాషలో ఎవరూ చెయ్యకుండానే పనులు జరిగిపోతాయి. గ్లాసు పగిలింది, పొరపాటు జరిగింది, మాట దొర్లింది. గ్లాసు పగలగొట్టాను అనడానికి చిన్నప్పుడు ఎంత ధైర్యం కావాలో అందరికీ తెలుసు. కంపెనీలు ఏ భాషలో రాసినా ఈ 'జరిగింది'నే రాస్తాయి. దానికి తోడు ఒక 'ఉంటే'. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే అంటారు. జనం మూడు రోజులుగా నొచ్చుకున్నామని అరుస్తూనే ఉన్నారు, ఇంకా ఆ 'ఉంటే' ఏమిటి? మూడోది 'అనుకోకుండా'. ఉద్దేశం లేదు అని చెప్పుకోవడం తప్పు కాదు. కానీ అది మొదటి వాక్యంలో వస్తే సంజాయిషీ, చివర్లో వస్తే వివరణ.

2023 జూన్‌లో జొమాటో వాళ్ళు పర్యావరణ దినోత్సవానికి ఒక ప్రకటన విడుదల చేశారు. లగాన్ సినిమాలో కచ్రా అనే దళిత పాత్ర వేసిన నటుణ్ణే తీసుకుని, చెత్తని తిరిగి వాడితే తయారయ్యే బల్లగా, దీపంగా, కుండీగా చూపించారు. కచ్రా అంటే హిందీలో చెత్త. శ్లేష బాగుందనుకున్నారు. ఆ పేరు ఆ పాత్రకి ఎందుకొచ్చిందో ఆలోచించలేదు. మూడు రోజుల్లో వీడియో తీసేసి, చెత్త గురించి హాస్యంగా అవగాహన కలిగించడమే తమ ఉద్దేశమనీ, అనుకోకుండా కొన్ని వర్గాల మనోభావాలు దెబ్బతీసివుండవచ్చుననీ చెప్పారు. ఏ వర్గాలో చెప్పలేదు. ఎందుకు దెబ్బతిన్నాయో చెప్పలేదు. ఆ రెండూ చెప్పలేకపోతే సమస్య అర్థమైందని ఎవరు నమ్ముతారు?

దీనికి ఎదురు ఉదాహరణ కిచెన్ ఎయిడ్. 2012 అక్టోబరులో ఒబామా, రామ్నీల మధ్య మొదటి వాదప్రతివాదం జరుగుతుండగా, చనిపోయిన ఒబామా అమ్మమ్మ గురించి ఒక నీచమైన జోకు ఆ కంపెనీ ట్విట్టర్ ఖాతాలో ప్రత్యక్షమైంది. ఉద్యోగి ఒకరు సొంత ఖాతా అనుకుని కంపెనీ ఖాతాలో పెట్టేశారు. కొద్ది నిమిషాల్లో తీసేశారు. అది అందరూ చేసే పనే. తరవాత ఆ బ్రాండ్ అధిపతి సింథియా సోలెడాడ్ తన పేరు చెప్పుకుని, ఒబామాకీ ఆయన కుటుంబానికీ, చదివిన అందరికీ క్షమాపణ చెప్పింది. ఆ ఉద్యోగి ఇకమీదట మా తరఫున రాయరు అంది. విలేఖరులతో మాట్లాడటానికి తనే ముందుకొచ్చింది. మిక్సీలు అమ్మే కంపెనీని ఆ గొడవ ఒకటి రెండు రోజుల్లో వదిలేసింది. క్షమాపణలో మనిషి పేరుంది, ఎవరికి చెబుతున్నారో ఉంది, ఏం చేశారో ఉంది. ఉంటే గింటే ఏమీ లేవు.

అన్నిటికంటే నాసిరకం సమాధానం, ఖాతా హ్యాక్ అయింది అనడం. 2018 నవంబరులో డోల్చే అండ్ గబ్బానా వాళ్ళు ఒక చైనీస్ అమ్మాయి చాప్‌స్టిక్స్‌తో పిజ్జా తినడానికి తంటాలు పడే వీడియోలు పెట్టారు. దాని మీద గొడవ జరుగుతుండగా స్టెఫానో గబ్బానా ఖాతా నుంచి చైనాని తిడుతూ వెళ్ళిన సందేశాలు బయటపడ్డాయి. హ్యాక్ అయిందన్నారు. ఎవరూ నమ్మలేదు. షాంఘైలో జరగాల్సిన ఫ్యాషన్ షో ఆ రోజే రద్దయింది, చైనా అమ్మకపు సైట్లు సరుకు తీసేశాయి. యజమానులిద్దరూ చివరికి కెమెరా ముందు కూర్చుని చైనీస్‌లో క్షమించమని అడిగారు. మొదటి రోజే అడిగివుంటే షో దక్కేదా అంటే చెప్పలేను గానీ, అబద్ధం ఒకటి తగ్గేది.

జోకు మంచిదే, సగం చదివారు అని వాదించేవాళ్ళు ఇంకో రకం. 2021 మార్చి 8, మహిళా దినోత్సవం నాడు బర్గర్ కింగ్ బ్రిటన్ విభాగం, ఆడవాళ్ళు ఉండాల్సింది వంటింట్లోనే అని ట్వీట్ చేసింది. హోటళ్ళలో ఆడ చెఫ్‌లు తక్కువగా ఉన్నారనీ, వాళ్ళ చదువుకి ఉపకార వేతనం ఇస్తున్నామనీ దాని కింద ట్వీట్లలో ఉంది. మొదటి వాక్యం ఒక్కటే ప్రపంచమంతా తిరిగింది. కాసేపు వాదించి, చివరికి అదే రోజు తీసేసి క్షమాపణ చెప్పారు. ఇందులో దురుద్దేశం లేదు. మెసేజీ మొదటి ముక్క రెండో ముక్క లేకుండా ప్రయాణం చేస్తుందన్న సంగతి మాత్రం మర్చిపోయారు. నెట్‌వర్కింగ్ చదివినవాడికి ఇది కొత్త విషయం కాదు.

ఉద్యోగిని తీసేస్తే సరిపోతుందా

సింగపూర్‌లో ఈ పద్ధతికి రెండు ఉదాహరణలున్నాయి. 2012 అక్టోబరులో కార్మిక సంఘాల సమాఖ్య ఎన్.టి.యు.సి.లో సహాయ డైరెక్టరు హోదాలో ఉన్న ఒకామె, ఫ్లాట్ల కింద వాయిడ్ డెక్కులో జరిగే మలాయ్ పెళ్ళిళ్ళ గురించి ఫేస్‌బుక్‌లో వెటకారంగా రాసింది. మర్నాడే ఉద్యోగం పోయింది. సమాఖ్య ప్రధాన కార్యదర్శి స్వయంగా క్షమాపణ చెప్పారు. 2014 జనవరిలో క్రాస్‌ఇన్వెస్ట్ ఏషియా అనే సంస్థలో పనిచేసే ఒక బ్రిటిష్ అధికారి, తన కారు రిపేరుకి వెళ్ళి ఎం.ఆర్.టి. ఎక్కాల్సి వచ్చినప్పుడు తోటి ప్రయాణికుల్ని పేదవాళ్ళని ఎగతాళి చేస్తూ కొడుకు ఫోటోతో సహా పెట్టాడు. కొద్ది రోజుల్లో ఉద్యోగం పోయింది, కుటుంబంతో సహా దేశం వదిలి వెళ్ళిపోయాడు. బూన్ లే నుంచి ఊళ్ళోకి రోజూ అదే రైల్లో నిలబడి వెళ్ళే నాలాంటివాళ్ళకి అతని మీద జాలి కలగడం కష్టమే.

అయినా ఈ రెండూ ఈ-పే లాంటివి కావు. ఆ ఇద్దరూ సొంత ఖాతాల్లో సొంత నోటితో అన్నారు. సంస్థ పేరు మీద వచ్చిన జోకు ఎవరో ఒక్కరి పని అయివుండదు. ఒకరు ఆలోచన చెబుతారు, ఒకరు ఫోటో తీస్తారు, మేకప్ వేస్తారు, క్లయింటు చూసి సరేనంటాడు. ఇంతమంది కళ్ళ ముందు నుంచి దాటివచ్చిన దానికి అందరికంటే చిన్న ఉద్యోగిని బలిచ్చి చేతులు దులుపుకుంటే జనం ఆ రోజుకి శాంతిస్తారేమో, లోపల పనిచేసేవాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. పైగా మనలాంటి ప్రవాసులకి ఇది జీతంతో ఆగే విషయం కాదు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దయితే సాధారణంగా 30 రోజుల గడువు ఇస్తారు. ఆ 30 రోజుల్లో కొత్త ఉద్యోగమో, లేకపోతే పిల్లల స్కూలు మాన్పించి ఇల్లు ఖాళీ చేసి విమానం ఎక్కడమో. తీసేసే ముందు కంపెనీ అడగాల్సిన మొదటి ప్రశ్న, దీన్ని ఎవరు ఆమోదించారు అన్నది. సమాధానంలో మేనేజరు పేరుంటే శిక్షలోనూ ఆ పేరుండాలి.

మరీ ఆలస్యమూ పనికిరాదు. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న మన ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని పోలీసు కారు గుద్ది చంపింది. 40 కిలోమీటర్ల వేగం దాటకూడని వీధిలో ఆ కారు 119 వరకు వెళ్ళింది. విచారణకి వచ్చిన ఇంకో పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందనీ, ఆ ప్రాణానికి పెద్ద విలువ లేదనీ అన్న మాటలు అతని ఒంటిమీది కెమెరాలో రికార్డయ్యాయి. ఆమె వయసు కూడా తప్పే చెప్పాడు. 23 ఏళ్ళ పిల్లని 26 అన్నాడు. ఆ వీడియో సెప్టెంబరులో బయటికొచ్చింది. లాయర్లు ఎలా బేరమాడతారో ఎగతాళి చేస్తూ అన్నానని ఆ అధికారి వాదన. ఉద్యోగంలోంచి తీసింది 2024 జులైలో. అంటే వీడియో బయటపడ్డాక పది నెలలు. విచారణకి సమయం పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పది నెలలూ ప్రతి తెలుగు ఇంట్లో ఆ నవ్వు వినపడుతూనే ఉంది.

తమ తప్పు కాని చోట కూడా వెంటనే స్పందించినవాళ్ళున్నారు. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్ తండ్రీకూతుళ్ళ వీడియో మీద వేసిన అసహ్యమైన జోకులతో అరెస్టు దాకా వెళ్ళినప్పుడు, అతనికి హరోం హర సినిమాలో వేషం ఇచ్చినందుకు హీరో సుధీర్ బాబు క్షమాపణ చెప్పాడు. అతని బుద్ధి మాకు తెలియదు అన్నాడు. రెండు మూడు వాక్యాలు, అంతే.

ప్రతి గొడవకీ తలవంచాలా

అక్కర్లేదు. 2020 అక్టోబరులో తనిష్క్ వాళ్ళు, ఒక ముస్లిం అత్తగారు హిందూ కోడలికి సీమంతం చేసే ప్రకటన వేశారు. అందులో జోకు లేదు, ఎవర్నీ కించపరచలేదు. బెదిరింపులు వచ్చేసరికి ఉద్యోగుల క్షేమం చూసుకోవాలంటూ వెనక్కి తీసుకున్నారు. దుకాణాల్లో నిలబడేవాళ్ళ గురించి ఆలోచించడం అర్థం చేసుకోదగ్గదే. కానీ అవమానపడ్డవాళ్ళ బాధా, నచ్చనివాళ్ళ కోపమూ ఒకటి కావు. ఎవరు అరుస్తున్నారు, వాళ్ళ గురించి మనమేమన్నాం అని చూసుకుంటే చాలావరకు తేడా తెలిసిపోతుంది. వెన్న జోకుకి సత్యం బోర్డు కోప్పడితే క్షమాపణ అవసరం లేదు.

ఇక పని సంగతి. గొడవ మొదలైన గంటలో ముందే టైము పెట్టి ఉంచిన మిగతా పోస్టులన్నీ ఆపాలి. లేకపోతే క్షమాపణ కింద పండగ డిస్కౌంటు ప్రత్యక్షమవుతుంది. పోస్టు తియ్యాలి, తీశామని చెప్పాలి. స్క్రీన్ షాట్లు ఎలాగూ తిరుగుతాయి కాబట్టి చప్పుడు చెయ్యకుండా తీసేస్తే దాచినట్టే ఉంటుంది. ఒక కాపీ లోపల దాచుకోవాలి, తరవాత విచారణకి కావాలి. సంస్థ ఖాతానీ సొంత ఖాతానీ ఒకే ఫోనులో ఒకే యాప్‌లో ఉంచకూడదన్నది కిచెన్ ఎయిడ్ నేర్పిన పాఠం. పోస్టు చేసే ముందు ఇంకొకరు చూడాలి, మన కోడ్ రివ్యూ లాగే. అయితే ఆ చూసేవాళ్ళంతా ఒకేరకం మనుషులైతే ఎంతమంది చూసినా లాభం లేదు. ఈ-పే బొమ్మని చూసిన గదిలో ముత్తుసామి లాంటి పేరున్నవాడు ఒక్కడు, మాట చెల్లే స్థానంలో ఉండివుంటే సరిపోయేది. చివరగా, రెండు మూడు నెలలయ్యాక ఏం మార్చామో చెప్పాలి. అందరూ ఎగ్గొట్టేది ఇదే. గొడవ చల్లారాక మళ్ళీ కదపడం ఎందుకని. మన ఉద్యోగాల్లో సర్వరు పడిపోతే కారణం రాసి అందరికీ పంపేదాకా మేనేజరు వదలడు, ఇక్కడ మాత్రం ఆ అలవాటు లేదు.

చట్టం సంగతి కూడా తెలిసివుండటం మంచిది. సింగపూర్ పార్లమెంటు 2025 ఫిబ్రవరిలో జాతి సామరస్య పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. జాతుల మధ్య చిచ్చు పెట్టే రాతల్ని ఆపమని ముందే ఉత్తర్వు ఇచ్చే అధికారం అందులో ఉంది. దానితోబాటు, తక్కువ తీవ్రత ఉన్న కేసుల్లో కోర్టుకి బదులు, నొచ్చుకున్న సమాజాన్ని కలిసి తెలుసుకునే కార్యక్రమంలో పాల్గొనే అవకాశాన్ని తప్పు చేసినవాళ్ళకి ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. అది వ్యక్తుల కోసం రాసిందే అయినా కంపెనీలు అడ్డం చెప్పకుండా వాడుకోవచ్చు. ప్రకటన తీసినవాళ్ళు ఒక సాయంత్రం లిటిల్ ఇండియాలోనో, బూన్ లే ప్లేస్‌లోనో ఆ కొట్లవాళ్ళతో కూర్చుని టీ తాగితే, వచ్చే ఏడాది ప్రకటనకి నలుగురు నటులు దొరక్కపోరు.